వరహాలలో గీసిన సరిహద్దు: కంగుంది, పుంగనూరు, మదనపల్లె సీమల సంధిపత్రాలు – పాఠ పరిశీలన

వ్యాససంగ్రహం:

నేటి కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలు ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోకి ఒకే సంధి ద్వారా రాలేదు. 1792, 1799, 1800 సంవత్సరాలకు చెందిన మూడు వేర్వేరు పత్రాల ద్వారా వచ్చాయి. ఈ పత్రాలను సంఘటనలకు సాక్ష్యాలుగానే కాక పాఠాలుగా చదివితే వాటిలో ‘సరిహద్దు’ అన్న భావన ఎలా ఏర్పడిందో తెలుస్తుంది. ఆ భావన తెలుగు ప్రాంతీయ చరిత్ర రచనలోకి ఎలా ప్రవేశించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1922లో అరేబియా ఎడారిలో ఇబ్న్ సౌద్‌తో జరిగిన ఉఖైర్ చర్చలను ఇందుకు పోలికగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: సంధిపత్రం, జమాబందు, పాళెగాడు, దత్తమండలాలు, బారామహల్, ఉఖైర్, పాలారు.

1. ఒక పదం తెచ్చిన చిక్కు

రాయలసీమ చరిత్రను ప్రస్తావించే రచనల్లో తరచుగా కనిపించే నిర్వచనం ఒకటుంది: నిజాం 1800లో కంపెనీకి ధారాదత్తం చేసిన మండలాలే దత్తమండలాలు, అవే నేటి రాయలసీమ. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ అన్న పేరు పాత పేరులోని అవమానాన్ని తుడిచివేసింది. కానీ నిర్వచనం మాత్రం పాతదే నిలిచిపోయింది. కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాల వరకు ఈ నిర్వచనంతో పెద్దగా పేచీ లేదు. చిత్తూరు జిల్లా పడమటి అంచుకు వచ్చేసరికే అది చెల్లదు. మదనపల్లె దత్తమండలంలోని ఊరు. దానికి పొరుగునే ఉన్న పుంగనూరు కాదు. కుప్పం అసలే కాదు. మదనపల్లె నుంచి కుప్పానికి బస్సులో ఒక్క పూట ప్రయాణం. ఆ ఒక్క పూట దారిలో మూడు సంధుల పొలిమేరలు దాటవలసి వస్తుంది.

ఈ తేడాను వివరాల్లో దొర్లిన చిన్న పొరపాటుగా కొట్టివేయవచ్చు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక మూడు ప్రాంతాలూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి కదా అనవచ్చు. అయితే జిల్లా ఏర్పడినంత మాత్రాన దస్తావేజులు ఒక్కటి కాలేదు. ఈ మూడు సీమల చరిత్ర మూడు జిల్లా మాన్యువళ్ల మధ్య చీలిపోయి ఉంది: గ్రిబుల్ కడప మాన్యువల్ (1875), ఆర్థర్ కాక్స్ ఉత్తర ఆర్కాటు మాన్యువల్ (1881), లెఫాను సేలం మాన్యువల్ (1883). గ్రిబుల్ కథనం మదనపల్లె దగ్గర ఆగుతుంది. కాక్స్ కథనం పుంగనూరు దగ్గర మొదలవుతుంది. కంగుంది తొలినాళ్ల సంగతులు సేలం వైపు ఉన్న బారామహల్ దస్తావేజుల్లో వెదకాలి. ఒకరు విడిచిన చోట మరొకరు అందుకున్నారా అంటే అదీ లేదు. ప్రతి మాన్యువలూ తన జిల్లా అనాదిగా ఉన్నట్లే రాస్తుంది. ఆ పుస్తకాలు ఆధారాలుగా వెలువడే సిద్ధాంత గ్రంథాలు కూడా అదే పొలిమేర దగ్గర ఆగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

2. ‘ఆనుకొని ఉన్న’ భూమి ఏది?

1792 ఫిబ్రవరిలో శ్రీరంగపట్టణం ముట్టడిలో ఉండగానే బేరసారాలు మొదలయ్యాయి. కంపెనీ పక్షాన సర్ జాన్ కెన్నవే, టిప్పు సుల్తాన్ పక్షాన గులాం అలీ ఖాన్, అలీ రజా ఖాన్ కూర్చున్నారు. నిజాం, పేష్వా ప్రతినిధులు మిత్రపక్షాలుగా హాజరయ్యారు. ప్రాథమిక షరతులు తెలిసినవే: రాజ్యంలో సగం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు, పూచీగా ఇద్దరు కుమారులు. పాఠ్యపుస్తకాలు ఇక్కడ కుమారుల అప్పగింత ఘట్టాన్ని వర్ణించి ముందుకు సాగిపోతాయి. ఆ దృశ్యాన్ని ఇంగ్లండులో చిత్రకారులు పదేపదే గీశారు కూడా. వాటి మాటున అసలు వాదం మరుగున పడింది.

ఆ వాదం ఒక్క మాట మీద నడిచింది. సగం రాజ్యం అంటే ఏ సగం? మిత్రపక్షాలు తమ తమ రాజ్యాలను ఆనుకొని ఉన్న ప్రాంతాలను ఎంచుకోవచ్చునని ప్రాథమిక ఒప్పందం చెప్పింది. తీరా కంపెనీ కొడగును కోరింది. కొడగు ఎవరి పొలిమేరను ఆనుకొని ఉందని టిప్పు అడిగిన ప్రశ్నకు భూగోళం తెలిసినవారెవ్వరూ సూటిగా జవాబు చెప్పలేరు. అది శ్రీరంగపట్టణానికి దగ్గర, కంపెనీ భూములకు కాదు. చర్చలు తెగిపోయే దాకా వెళ్లాయి, మళ్లీ ఫిరంగులు సిద్ధమయ్యాయి. చివరికి టిప్పు తల ఒగ్గాడు. మార్చి 18న తుది సంధి కుదిరింది.

ఈ వివాదంలో గమనించవలసింది కొడగు ఒక్కటే కాదు. ‘ఆనుకొని’ అన్న మాట నేలకు సంబంధించినది. కొండ, ఏరు, కనుమ, దారి చూసి నిర్ణయించవలసిన మాట అది. తుది సంధికి జోడించిన జాబితాలో ఆ మాటకు చోటు లేదు. జాబితా అంతా తాలూకాల పేర్లు, వాటికెదురుగా వరహాల అంకెలు. మూడు పక్షాలకూ ఇంచుమించు 13 లక్షల 16 వేల వరహాల చొప్పున వంతులు సరిపోయేలా వాటిని కూర్చారు. సరిహద్దు రాజ్యం అంచున కాక లెక్క చివర ఏర్పడింది.

కంపెనీ వంతులో బారామహల్ పద్దు కింద తొమ్మిది తాలూకాలున్నాయి. మొత్తం 1,34,000 వరహాలు. అందులో బారామహల్ తాలూకా 64,000. తక్కినవాటిలో కంగుంది ఒకటి, దాని విలువ 6,000. తొమ్మిదింటిలోనూ అతి చిన్న అంకె అదే. కుప్పం పట్టణానికి చేరువలో కొండమీద కోట, కింద పాళెగాడి నగరు, చుట్టూ చెరువులతో బతికిన ఆ సీమ సంధిపత్రంలో కనబడేది అంతవరకే. పాళెగాడి పేరు లేదు, అతని హక్కుల ప్రస్తావన లేదు. అక్కడి జనం తెలుగు, కన్నడం, తమిళం కలగలిపి మాట్లాడేవారన్న సంగతి ఆ లెక్క రాసినవారికి అవసరమే లేదు. 64,000 పక్కన 6,000 పెట్టి కూడితే మొత్తం సరిపోయిందా లేదా అన్నదే వారి ప్రశ్న.

సంధిని ఇలా చదవడం అన్యాయమనే వాదన ఉండవచ్చు. పద్దెనిమిదో శతాబ్దంలో భూభాగాన్ని జమాతో కొలవడం ఒక్క కంపెనీకే చెందిన పద్ధతి కాదు. మొగలాయి సర్కారులు, మరాఠాల చౌతు లెక్కలు, టిప్పు సొంత కచేరీ అన్నీ జమాబందు భాషనే మాట్లాడాయి. ఈ వాదనలో సత్యం ఉంది. అయితే ఒక తేడాను మరువరాదు. మొగలాయి జమాబందులో పాళెగాడి పేష్కషు ఒక పద్దు. అతడు కట్టవచ్చు, ఎగవేయవచ్చు, బేరమాడవచ్చు. 1792 జాబితాలో ఆ బేరానికి తావు లేదు. భూమి చేయి మారింది, దానితో పాటు పాళెగాడూ చేయి మారాడు. అంకె కచేరీలో నడిచే లెక్కగా ఉన్నప్పుడు బేరానికి వీలుంటుంది. అదే అంకె సంధిలో చేరితే శాసనమవుతుంది.

3. 162 వరహాల తేడా

1799 మేలో టిప్పు మరణించాక జరిగిన పంపకం ఈ పద్ధతికి పరాకాష్ఠ. జూన్ 22 నాటి మైసూరు విభజన సంధిలో కంపెనీకి నికరంగా 5,37,170 కంఠీరవ వరహాల భూమి, నిజాంకు 5,37,332 వరహాల భూమి. తేడా 162 వరహాలు. నాలుగు యుద్ధాలు చూసిన రాజ్యాన్ని ఇంత సరిసమానంగా కోయగలగడం ఆశ్చర్యం గొలుపుతుంది. ఆ ఆశ్చర్యంలోనే అనుమానం కూడా ఉండాలి. రాళ్లసీమలో ఒక చెరువు గట్టు తెగితే 162 వరహాల జమా ఒక్క ఏడాదిలో తారుమారు కాగలదు. కాబట్టి ఆ అంకెల కచ్చితత్వం నేలకు చెందినది కాదు, కాగితానికి చెందినది.

ఈ పంపకంలో పుంగనూరు కంపెనీ వంతుకు వచ్చింది. గుర్రంకొండ నిజాం వంతుకు వెళ్లింది. మదనపల్లె గుర్రంకొండ సీమలోనిది కనుక దానితో పాటు నిజాం కిందికి పోయింది. పొరుగున ఉన్న రెండు సీమల నడుమ, అంతకుముందు మైసూరు ఏలుబడిలో లేని రాజ్యాంతర పొలిమేర ఇలా పుట్టింది. దాని ఆయుష్షు ఏడాదిన్నర కూడా లేదు. కానీ అది కంపెనీ కాగితాల మీద కడప, ఉత్తర ఆర్కాటు జిల్లాల హద్దుగా రూపం మార్చుకొని 1911 దాకా బతికింది.

నిజాం వంతులో మరో విశేషం. ఆయన మొత్తం భాగం 6,07,332 వరహాలు. అందులోంచి 70,000 వరహాలను టిప్పు సేనాని మీర్ ఖమరుద్దీన్ ఖాన్‌కు జాగీరుగా మినహాయించారు. ఆ జాగీరు గుర్రంకొండలోనే. అతని తండ్రి మీర్ సాహెబ్ హైదరాలీ కాలంలో అదే కోటను ఏలినవాడు. విభజన సంధి మొత్తంలో ఒక సీమకూ దానిలో వేళ్లూనిన ఒక కుటుంబానికీ ఉన్న సంబంధాన్ని గుర్తించిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి. అయితే ఆ గుర్తింపు దక్కింది ఓడిన రాజు సేనానికి. అతనికి తరతరాల ముందునుంచీ ఆ పొలాల మధ్య ఉన్న పాళెగాళ్లకు కాదు. కొత్త ఏలికకు ప్రమాదకరం కాగలవాణ్ణి తృప్తిపరచడం ఒక రాజనీతి. దానిని ఔదార్యంగా వర్ణించిన కంపెనీ చరిత్రకారుల మాటను యథాతథంగా తీసుకోనక్కరలేదు.

పేష్వాకు కేటాయించిన 2,63,957 వరహాల భాగాన్ని ఆయన స్వీకరించలేదు. దానిని కంపెనీ, నిజాం పంచుకున్నారు. సరిహద్దు మళ్లీ కదిలింది.

మూడో పత్రం గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. 1800 అక్టోబర్ 12 నాటి హైదరాబాదు సంధిలో నిజాం తన రాజ్యంలో ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద 1792లోనూ 1799లోనూ తనకు దక్కినదంతా తిరిగి ఇచ్చివేశాడు. తుంగభద్రను హద్దుగా నిలపడం కోసం ఉత్తరాన ఉన్న కొప్పళ, గజేంద్రగడ వంటివి నిజాంకు వదిలి, దక్షిణాన ఆదవాని తదితర ప్రాంతాలను కంపెనీ తీసుకుంది. ఒక నది సరిహద్దుగా ప్రత్యక్షమవడం ఈ మూడు పత్రాల్లోకీ చెప్పుకోదగ్గ విశేషం. అదైనా సైనిక సౌకర్యం కోసమే. ‘దత్తం’ అన్న మాటలోని ధర్మం వాసన ఈ పాఠంలో ఎక్కడా లేదు. జీతాల బాకీకి జమ కట్టిన భూమి ఇది. ఆంగ్ల పదానికి ‘దత్త’ అన్న అనువాదం చేసినవారు దానికి లేని ఔన్నత్యాన్ని అంటగట్టారు. నంద్యాలలో ఆ పేరు మీద వచ్చిన అభ్యంతరం సబబైనదే. కానీ అభ్యంతరం పేరు దగ్గరే ఆగిపోయింది.

4. ఇద్దరు కార్యదర్శులు

విభజన సంధిని రూపొందించిన సంఘంలో హారిస్, ఆర్థర్ వెల్లెస్లీ, హెన్రీ వెల్లెస్లీ, కర్క్‌పాట్రిక్, బారీ క్లోజ్ సభ్యులు. కార్యదర్శులు ఇద్దరు: థామస్ మన్రో, జాన్ మాల్కం. సంతకాలు పెట్టినవారి కన్నా ఈ ఇద్దరి దారులు ఎక్కువ చెబుతాయి.

మన్రో 1792 నుంచి కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద బారామహల్‌లో పనిచేసినవాడు. అంటే కంగుంది చేరిన పద్దు అతని కచేరీలోనిది. 1799లో పంపకం కాగితాల దగ్గర కూర్చున్నాడు. నడుమ కొద్దికాలం కెనరాకు వెళ్లి, 1800లో దత్తమండలాల ప్రధాన కలెక్టరయ్యాడు. మదనపల్లె అతని అధికారం కిందికి వచ్చింది. మూడు సంధులతోనూ ఈ విధంగా ముడిపడిన మనిషి అతనొక్కడే. సీమ జనం నోట మన్రో చుట్టూ అల్లుకున్న భక్తి కథల సంగతి తెలిసిందే. ఆ కథల్లో పొలం కొలిచి పట్టా ఇచ్చిన దొర ఉన్నాడు. అంతకుముందు అదే పొలాన్ని చూడకుండా పద్దులో కూడిన గుమస్తా లేడు.

మాల్కం పడమటికి వెళ్లాడు. టిప్పుకు మస్కట్‌లో వాణిజ్య కోఠీ ఉండేది. ఫ్రెంచివారు ఆ దారిన మైసూరుకు చేరతారన్న భయం కంపెనీకి ఉండేది. 1798 అక్టోబర్ 12న మస్కట్ పాలకుడితో ఫ్రెంచివారిని దూరం పెట్టే ఖౌల్‌నామా రాయించారు. 1800 జనవరి 18న మాల్కం స్వయంగా అదే పాలకుడు సుల్తాన్ బిన్ అహ్మద్‌తో మరో ఒప్పందం చేసి, కంపెనీ ప్రతినిధి అక్కడ స్థిరంగా ఉండే ఏర్పాటు చేశాడు. పుంగనూరు పంపకానికీ మస్కట్ ఒప్పందానికీ మధ్య ఏడు నెలలు నిండలేదు. మైసూరు సంధులూ అరబ్బు పాలకుల సంధులూ ఆ తరవాత ఎయిచిసన్ కూర్చిన ఒకే సంకలన మాలలో చేరాయి. దక్షిణ భారత చరిత్ర చదివేవారు ఒక సంపుటాన్ని, పశ్చిమాసియా చదివేవారు మరొక సంపుటాన్ని తెరుస్తారు. రెండూ ఒకే రాజకీయ శాఖ చేతిరాత అన్న సంగతి అందువల్ల మరుగున పడుతుంది.

5. బావులు, చెరువులు

ఆ చేతిరాత 1922లో ఎడారిలో ఏం చేసిందో చూస్తే 1792 పాఠం మరింత స్పష్టమవుతుంది. నజ్ద్ పాలకుడు ఇబ్న్ సౌద్‌తో 1915 డిసెంబరులో పెర్సీ కాక్స్ కుదిర్చిన సంధిని ధ్రువీకరించింది లండన్ కాదు, సిమ్లాలోని వైస్రాయి. (ఈ కాక్స్, ఉత్తర ఆర్కాటు మాన్యువల్ రాసిన కాక్స్ వేరు.) 1922 చివర ఉఖైర్ రేవులో అదే కాక్స్, ఇబ్న్ సౌద్, ఇరాక్ మంత్రి సబీహ్ నష్అత్ ఎడారి హద్దు కోసం సమావేశమయ్యారు. కువైట్ పాలకుడు అహ్మద్ అల్ జాబిర్ అక్కడ లేడు. అతని తరఫున బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్ మేజర్ మోర్ కూర్చున్నాడు.

ఇబ్న్ సౌద్ వాదం ఆలోచించదగినది. సంచార తెగలకు గీత ఉండదు. ఏ తెగ ఏ బావుల దగ్గర నీళ్లు తాగుతుందో, ఏ బీళ్లలో ఒంటెలను మేపుతుందో అదే దాని దేశం. కాబట్టి తెగలను బట్టి హద్దు నిర్ణయించాలి. ఈ వాదంలో స్వార్థం లేకపోలేదు. తెగలు తనకు విధేయమైతే బావులూ తనవే అవుతాయి. అయినా సరిహద్దు అంటే బతుకుతెరువు అన్న మాట ఆ గుడారంలో పలికింది. కాక్స్ వినలేదు. పటం మీద ఎర్ర పెన్సిలుతో గీత గీశాడని, కువైట్ కోరిన భూమిలో మూడింట రెండు వంతులు నజ్ద్‌కు పోయాయని అక్కడే ఉన్న డిక్సన్ రాశాడు. ఆ గ్రంథం అచ్చయింది 1956లో. ముప్పై ఏళ్లు దాటిన జ్ఞాపకం, అందులోనూ కువైట్‌పై అభిమానం ఉన్న మనిషి జ్ఞాపకం కనుక సంభాషణల వివరాలను కొంత తగ్గించుకొని చదవాలి. పెన్సిలు గీత మాత్రం పటాల్లో ఉంది.

అయితే ఉఖైర్ పాఠం పూర్తిగా గీతకు లొంగలేదు. డిసెంబర్ 2 నాటి ఒప్పందం రెండు తటస్థ మండలాలను మిగిల్చింది. హద్దు సమీపంలోని బావులను కోటలు కట్టడానికీ సైన్యాన్ని చేర్చడానికీ వాడరాదన్న నిబంధన చేర్చింది. ఓడిన వాదం ఒక నిబంధనగా బతికింది. 1927లో ఇరాక్ వైపు బుసయ్యా దగ్గర ఠాణా కట్టినప్పుడు గొడవ లేచింది సరిగ్గా ఆ నిబంధన ఆధారంగానే. కంగుంది, పుంగనూరు పత్రాల్లో అటువంటి వాక్యం ఒక్కటీ లేదు. చెరువు నీరు ఎవరిదో, కాలువ ఎటు పారాలో, కనుమ దాటి మేతకు వెళ్లే మందల సంగతి ఏమిటో అడగగలిగిన పాళెగాడు చర్చలకు రాలేదు. అతణ్ణి పిలవాలన్న ఆలోచనే ఎవరికీ కలగలేదు. కువైట్ పాలకుడికి కనీసం ఒక ఏజెంట్ దక్కాడు. కంగుంది పాళెగాడికి దక్కింది 6,000 అన్న అంకె.

సంధిలో రాయని నీరు వేరే దారిన తిరిగి వచ్చింది. మైసూరులో పుట్టి కుప్పం సీమ మీదుగా తమిళ దేశానికి పారే పాలారు 1792 జాబితాలో లేదు. సరిగ్గా నూరేళ్లకు, 1892లో, మద్రాసు ప్రభుత్వమూ మైసూరు సంస్థానమూ చేసుకున్న నీటి ఒప్పందంలో ఆ నది పేరు చేరింది. అప్పుడు కుప్పం మద్రాసులో భాగం. ఎగువన మైసూరు కొత్త ఆనకట్టలు కట్టకుండా అడ్డుకోవడం ఆ ఒప్పందం ఉద్దేశం.

1960 ఏప్రిల్ 1న పటాస్కర్ సూత్రం ప్రకారం ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల హద్దును సవరించినప్పుడు గ్రామం యూనిట్ అయింది, భాష ప్రమాణమైంది. తిరుత్తణి అటు పోయింది, సేలం జిల్లా నుంచి కొన్ని గ్రామాలు ఇటు వచ్చాయి. వరహాల స్థానంలో జనం లెక్కకు రావడం నిస్సందేహంగా మేలైన మార్పు. నీరు అప్పుడూ ప్రమాణం కాలేదు. 2006లో కుప్పం దగ్గర గణేశపురం వద్ద పాలారుపై జలాశయం తలపెట్టినప్పుడు తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అది చూపిన ప్రధాన ఆధారం 1892 ఒప్పందం. మద్రాసు తన రక్షణకు రాయించుకున్న కాగితం ఒకప్పటి మద్రాసు భూమి మీదికే తిరిగింది.

మదనపల్లె, రాయచోటి ప్రాంతాల నుంచి పనికోసం కువైట్ వెళ్లేవారు ఇప్పుడు వేలల్లో ఉన్నారు. వారు దిగే దేశపు దక్షిణ హద్దు ఉఖైర్‌లో పడింది. వారు బయలుదేరే ఊళ్ల పాత హద్దు శ్రీరంగపట్టణంలో పడింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరింది, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలో మిగిలాయి. ఆ విభజన చేసినవారి ముందు ఎయిచిసన్ సంపుటం ఉండి ఉండదు. అయినా గీత మాత్రం 1799 నాటి చోటుకే వచ్చి పడింది.